గ్లాసు ముందు మనిషి

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. కంట్రోలర్ మీద ఒక మీట నొక్కగానే లోపలి రిలే స్విచ్చు మొదలుపెట్టే చప్పుడది. ఆ చప్పుడు వెనకే పైపులో నీళ్లు ఒక్కసారిగా పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తుతాయి. పోయిన వారం మంచిర్యాల దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో ఆ మీట నొక్కి, నీళ్ల పైపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. పైపు అదిరిన ప్రతిసారీ తల తిప్పి బాయిలర్ వైపు చూస్తున్నాను. నాతో వచ్చిన ఇంజనీరు నా ముఖం చూసి, "మేడం, మీరు గీ పని ఎన్నేండ్ల సంది చేస్తున్నరు?" అని అడిగాడు. పదేళ్లు దాటిందన్నాను. "మరి గింత భయమేంది? కొత్తగ చేసేటోళ్లు కూడ గిట్ల వణకరు" అని నవ్వాడు. నాకు కోపం రాలేదు. మా రాజేశం సార్‌ను చూసి ఒకప్పుడు నేనూ అలాగే నవ్వేదాన్ని.

సార్ గురించి చెప్పాలంటే ముందు మా పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాలి. బాయిలర్‌లో నీళ్లు మరీ తగ్గకూడదు, మరీ పెరగకూడదు. తగ్గితే నిప్పు మీదున్న గొట్టాలు ఎండి ఎర్రగా కాలిపోతాయి. పెరిగితే ఆవిరితో పాటు నీళ్లు కొట్టుకొచ్చి పైపులను దెబ్బతీస్తాయి. ఆ నీళ్లను కనిపెట్టుకుని ఉండి వాల్వును తిప్పేదే కంట్రోలర్. నీళ్లు ఉండాల్సిన చోటికి ఎంత దూరంలో ఉన్నాయి, ఎంతసేపటి నుంచి అలా ఉన్నాయి, ఎంత వేగంగా మారుతున్నాయి అని అది చూసుకుంటుంది. వీటిలో దేన్ని ఎంత పట్టించుకోవాలో మనం మూడు అంకెలు ఇచ్చి చెబుతాం. పాత రోజుల్లో ఆ అంకెలను మనిషి కూర్చుని కుదిర్చేవాడు. ఇప్పుడు కంట్రోలర్ తనే వాల్వును కావాలని కాస్త తెరిచి, కాస్త మూసి, నీళ్లు ఎంత ఎత్తున ఊగుతున్నాయో, ఒక్కో ఊపుకు ఎంతసేపు పడుతోందో చూసి, తనకు కావలసిన అంకెలు తనే లెక్కగట్టుకుంటుంది. నేనిప్పుడు ఊరూరూ తిరిగి ఈ పని చేయించే మనిషిని. నాకు అన్నం పెడుతున్న విద్య ఇదే, నాకు నిద్ర పట్టనివ్వనిదీ ఇదే.

కరీంనగర్‌లో డిప్లొమా అయిపోగానే సుల్తానాబాద్ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఉద్యోగం దొరికింది. వడ్లు నానబెట్టి, పెద్ద పెద్ద ట్యాంకుల్లో ఆవిరితో ఉడకబెట్టి, ఎండబెట్టి, బియ్యం చేసే మిల్లు అది. ఆ ఆవిరి కోసం ఒక బాయిలర్, దాని మంటకు అదే మిల్లులో వచ్చే ఊక. మా బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. రోజూ భూమి లోపలికి దిగి వచ్చే మనిషి కూతురిని కాబట్టి, నేల మీద చేసే ఉద్యోగంలో భయపడాల్సింది ఏముంటుందని నా ధీమా. మొదటి రోజు బాయిలర్ షెడ్డు తలుపు దగ్గర రాజేశం సార్ నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, చొక్కా జేబులో చిన్న టార్చి లైటు. కంట్రోలర్లు, మీటర్లు అన్నీ ఆయన చేతి కింద ఉండేవి. నా పేరు అడగలేదు, మార్కులు అడగలేదు.

"లోపలికైతే వచ్చినవు. బయటికి ఎటు పోతవు?" అన్నారు.

వచ్చిన తలుపు చూపించాను. "గా తలుపు కాడనే మంటలుంటే?" అన్నారు. చుట్టూ చూశాను, ఇంకో తలుపు కనిపించలేదు. బూడిద తోడే వైపు ఒక దారి, పంపు వెనక ఒక కిటికీ ఆయనే చూపించారు. మర్నాడు నా చున్నీనే నా కళ్లకు కట్టించి, ఆ రెండు దారుల్లో నన్ను బయటికి నడిపించారు. ఊక మోసే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే తెలిసింది, మిల్లులో ఆయన చాటున ఆయనకు పిరికి సార్ అని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన బాయిలర్‌కు వీపు పెట్టి కూర్చోగా నేను చూడలేదు. టిఫిన్ గిన్నె విప్పుకున్నా దానికి ఎదురుగానే కూర్చునేవారు. పంపు చప్పుడు కాస్త మారితే చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. అన్నిటికంటే వింత, కంట్రోలర్ ఉండే ప్యానెల్ గదిలో తెర మీద నీటి మట్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓదెలూ, నీళ్లెట్లున్నయి?" అని కేకేసేవారు. ఓదెలన్న బాయిలర్ మనిషి. నలభై ఏళ్లుంటాయేమో, తలకు తువ్వాల, ఎప్పుడూ నవ్వు ముఖం. బాయిలర్ ముందు నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది, దాన్నందరూ గ్లాసు అంటారు. లోపల నీళ్లు ఎంతున్నాయో అందులో నేరుగా కంటికి కనిపిస్తుంది. ఓదెలన్న ఆ గ్లాసు ముందు నిలబడి, చేతివేళ్లు అడ్డంగా పెట్టి కొలిచి, "నాలుగు వేళ్లు సార్!" అని అరిచేవాడు. తెర చెప్పిందీ ఓదెలన్న చెప్పిందీ కలిస్తేనే సార్ కూర్చునేవారు. పావుగంటకోసారి ఈ కేక, ఈ జవాబు. నాకు మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత విసుగొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సార్, ఇంతకు ముందు మీరు పనిచేసిన కాడ ఎక్కడన్న బాయిలర్ పేలిందా?"

"లే."

"ఎవరికన్న దెబ్బలు తాకినయా?"

"ఎవ్వరికి ఏం కాలే. నేను పనిల చేరినప్పటి సంది ఏం కాలే."

"మరి గింత భయమెందుకు సార్?"

ఆయన నన్ను వింతగా చూశారు. "ఏం కాలేదని చెప్తున్న గద" అన్నారు. ఆయన జీవితంలో ఏదో పెద్ద విషాదం ఉండి ఉంటుందని, అది వినాలని ఆశపడిన నాకు ఆ జవాబు చప్పగా అనిపించింది. అసలు జవాబు అదేనని అర్థం కావడానికి ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

ఆ ఏడు వానాకాలం పంట బాగా వచ్చింది. మిల్లు ముందు వడ్ల లారీలు బారులు తీరాయి. యజమాని ట్యాంకులు రెండు పెంచి నాలుగు చేశాడు. అదే ఊపులో కొత్త కంట్రోలర్ కూడా తెప్పించాడు. తన అంకెలు తనే కుదుర్చుకునే రకం. దాని పుస్తకం నేను రెండు రోజుల్లో నమిలి మింగేశాను. సార్‌కు ఇంగ్లీషు చదవడం కొంచెం కష్టం, అందుకని నేనే చదివి చెప్పాను. నాకంటే తక్కువ తెలిసిన పెద్దమనిషికి పాఠం చెబుతున్నానని లోపల ఒక పొగరు. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఆపి, "అంటే, కావాలని ఊపి, గా ఊపును చూసి నేర్చుకుంటదన్నట్టు" అన్నారు. అవునన్నాను. "మంచి తెలివి. మేము రెండు దినాలు తండ్లాడేది ఇది గంటల చేస్తది" అని నిజంగానే మెచ్చుకున్నారు. తర్వాత పుస్తకంలోని ఊపు బొమ్మ మీద వేలితో గీసి చూశారు. చివరికి, "ఊపేటప్పుడు ట్యాంకులు స్టీమ్ గుంజుతున్నయా లేదా అని దానికి ఎరుకుంటదా?" అని అడిగారు. దానికి నీటి మట్టం తప్ప ఇంకేమీ తెలియదన్నాను.

అప్పుడాయన నాకు పాలు పొంగడం గుర్తుచేశారు. గిన్నెలో పాలు పైకి లేస్తే పాలు పెరిగినట్టు కాదు, నురగ లేచినట్టు. బాయిలర్‌లోనూ అంతే. నాలుగు ట్యాంకులూ ఒక్కసారి ఆవిరి లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, నీళ్లలో బుడగలు లేచి, మట్టం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి నీళ్లు తగ్గుతుంటాయి. ఆ సంగతి తెలియని కంట్రోలర్ నీళ్లు ఎక్కువయ్యాయనుకుని వాల్వు మూసేస్తుంది. "గందుకే, నాలుగు ట్యాంకులు గుంజుతున్నప్పుడే దానికి నేర్పాలె. ఖాళీగున్నప్పుడు నేర్పితే ఖాళీ సంగతే నేర్చుకుంటది. యాది పెట్టుకో" అన్నారు. ఆ మర్నాడు బావమరిది కొత్త ఇంట్లోకి దిగుతున్నాడని ఆయన రెండు రోజులు ఆసిఫాబాద్ పోయారు. పోతూ పోతూ వద్దనలేదు, చేయమనే చెప్పారు. నన్ను అంత నమ్మారు.

ట్యాంకులు నడుస్తున్నప్పుడు నేను మీట నొక్కాను. నీళ్లు అడ్డదిడ్డంగా ఊగాయి, లెక్క కుదరలేదని కంట్రోలర్ మధ్యలోనే చేతులెత్తేసింది. మళ్లీ నొక్కాను, మళ్లీ అంతే. మేనేజర్ నా వెనకే నిలబడి ఉన్నాడు. "ఏందమ్మా, గింత పెట్టి కొన్నది పని చేస్తదా చెయ్యదా? రాజేశం సార్ వచ్చేదాంక కూసోవాల్నా?" అన్నాడు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు పోయారు, ట్యాంకులన్నీ బంద్ అయ్యాయి, బాయిలర్ నిమ్మళంగా ఉంది. అప్పుడు నొక్కాను. టక్, టక్ అంటూ గీత ఎంత చక్కగా ఊగిందో! పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. కాసేపటికి అంకెలు వచ్చాయి. మేనేజర్ నా భుజం తట్టి, ఇక గ్లాసు ముందు ఒక మనిషిని నిలబెట్టే పని లేదని, ఓదెలును ఊక కొట్టే పనికి మార్చవచ్చని అన్నాడు. నాకు గర్వంగా ఉంది.

సార్ తిరిగి వచ్చి సంచి కూడా దించకుండా ప్యానెల్ గదికి వచ్చారు. అంకెలు చూశారు. "ట్యాంకులు నడుస్తున్నప్పుడే చేసినవా?" అన్నారు. మేనేజర్ అక్కడే ఉన్నాడు.

"చేసిన సార్" అన్నాను.

"నాలుగు?"

"నాలుగు సార్."

ఆయన నా కళ్లలోకి చూశారు. "స్వరూపా, నువ్వు చేసినవంటేనే ఓదెలును గ్లాసు కాడికెళ్లి తీస్త. లేకుంటే తియ్య" అన్నారు. నేను మళ్లీ, చేశాను సార్ అన్నాను. ఎందుకలా అన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. చెడు ఉద్దేశం ఏమీ లేదు. మేనేజర్ ముందు చిన్నబోవడం ఇష్టం లేదు, అంతే. మనిషి ప్రాణం అడ్డం పెట్టేంత పెద్ద కారణం కాదది. ఓదెలన్న మర్నాటి నుంచి బాయిలర్ పొయ్యిలోకి ఊక తోసే యంత్రం దగ్గరికి మారాడు. గ్లాసుకు నాలుగడుగుల దూరమే, కానీ అక్కడి నుంచి గ్లాసు కనిపించదు. సార్ కేకలు ఆగిపోయాయి. షెడ్డులో వింత నిశ్శబ్దం వచ్చింది.

రెండు రోజులు ఏమీ కాలేదు. ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి నడిచాయి. మూడో రోజు పొద్దున లారీలు ఎక్కువై, నాలుగు ట్యాంకుల వాల్వులూ ఒకేసారి తెరిచారు. నేను ప్యానెల్ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. తెర మీద నీటి మట్టం లేచింది. కంట్రోలర్ నీళ్ల వాల్వును మూసుకుంటూ పోయింది. సార్ చెప్పిన పాల సంగతి బుర్రలో మెదిలింది, అయినా కుర్చీలోంచి లేవలేదు. సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. బుడగలు అణగగానే గీత కిందికి జారడం మొదలుపెట్టి, జారుతూ జారుతూ అడుగుకు చేరి మాయమైంది. గంట మోగింది. నీళ్లు తగ్గితే ఊక తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంది, అది ఆగింది కూడా. కానీ అప్పటికే లోపల పడిన ఊక భగభగా మండుతూనే ఉంది. ఇటు కంట్రోలర్, నీళ్లు లేవని ఇప్పుడు గుర్తించి, మూసిన వాల్వును బార్లా తెరవబోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్లు వచ్చేస్తున్నాయి కదా, గండం గడిచిందనుకున్నాను.

"ఆటో తియ్! నీళ్లు బంద్ చెయ్!" అని కేక వినిపించింది, వాల్వును కంట్రోలర్ చేతిలోంచి తప్పించమని. సార్ లారీల కాంటా దగ్గరి నుంచి ఉరుకుతూ వస్తున్నారు. పంపు చప్పుడు మారిందని ఆయనకు అక్కడికే వినిపించింది. నీళ్లు లేక చస్తుంటే నీళ్లు ఆపమంటాడేమిటి, ఈయనకు మతి పోయిందా అనుకున్నాను. నా వేలు మీట మీద ఉంది, కదల్లేదు. ఆయన లోపలికొచ్చి నన్ను పక్కకు తోసి తనే వాల్వు మూశారు, మంటకు గాలి తోసే ఫ్యాన్లు ఆపారు. ఎర్రగా కాలిన గొట్టాల మీద చల్లటి నీళ్లు పడితే ఒక్క లిప్తలో ఆవిరై బాయిలర్‌ను చీల్చేస్తాయి. గ్లాసులో నీళ్లు కనిపించకుండా పోయినప్పుడు మొదట ఆపాల్సింది నీళ్లనే. ఇది నేను చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

కానీ ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు, కొంచెం కారుతుంది. పక్కనున్న చేతి చక్రం కూడా తిప్పాలి. ఆ చక్రం బాయిలర్‌ను ఆనుకుని, గ్లాసు కిందే ఉంది. సార్ అటు కదిలేలోపే కిటికీలోంచి చూశాను. జనమంతా బయటికి పరుగెత్తుతున్నారు, ఓదెలన్న ఒక్కడు వెనక్కి తిరిగి లోపలికి పరుగెత్తుతున్నాడు. ఎవరూ చెప్పలేదు. అలవాటైన చెయ్యి, అంతే. తువ్వాల చేతికి చుట్టుకుని చక్రం తిప్పసాగాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అది ఎన్ని చుట్లు తిరగాలో నాకు తెలుసు, ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అని ఒకటే అనుకుంటున్నాను. చక్రం బిగిసాక ఆయన తలెత్తి గ్లాసు చూసి, "సార్, నీళ్లు లేవు! గ్లాసుల ఏం లేవు!" అని అరిచాడు. "ఉరుకు ఓదెలూ, బయటికి ఉరుకు!" అంటున్న సార్ గొంతు చీరుకుపోయింది.

అందరం కాంటా వెనకాల నిలబడ్డాం. సార్ తలలు లెక్కపెట్టారు, నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టారు. ఇక చేసేదేమీ లేదు. గొట్టాలు ఎంతసేపు ఎండి ఉన్నాయో ఎవరికీ తెలియదు. లోపలి నిప్పు చల్లారేదాకా వేచి చూడాలి. షెడ్డులోంచి ఇనుము చల్లబడుతూ టింగుమన్నప్పుడల్లా ఊక మోసే లక్ష్మి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఓదెలన్న ముఖం తుడుచుకుంటూ, "సార్, నేనే ఊక జర ఎక్కువ కొట్టిన్నేమో. తప్పు నాదే కావచ్చు" అన్నాడు. సార్ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. అది చెప్పాల్సిన క్షణమని నాకు తెలుసు. చెప్పలేదు.

అది పేలలేదు. మూడు రోజుల తర్వాత పూర్తిగా చల్లబడ్డాక సార్ నన్ను పొయ్యి లోపలికి తీసుకుపోయి, టార్చి వేసి, ఒక గొట్టం మీద నా చెయ్యి పెట్టించారు. నున్నగా ఉండాల్సిన గొట్టం ఒకచోట కడుపులా ఉబ్బి ఉంది. ఇంకాస్త ఉబ్బితే చిట్లేది. చిట్లితే ఆ ఎదురుగా ఉన్నది ఓదెలన్న ఊక తోసే చోటు. ఆ మసిలో, ఆ చీకటిలో అప్పుడు చెప్పాను. "సార్, మధ్యాహ్నం చేసిన. ట్యాంకులన్ని బంద్ ఉన్నయి. మీకు అబద్ధం చెప్పిన."

"ఎరుకే" అన్నారు ఆయన. కంట్రోలర్‌లో దాచిన గీతను బాయిలర్ ఆగిన రోజు సాయంత్రమే చూశారట. నన్ను తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. "నాకు చెప్పుడు కాదు బిడ్డా. ఓదెలుకు చెప్పు. నేనైతే చెప్ప. గది నీ నోట్లకెళ్లే రావాలె" అన్నారు.

గొట్టం మార్చాక సార్ మళ్లీ అంకెలు కుదిర్చారు. ఈసారి నాలుగు ట్యాంకులూ తెరిపించారు. కంట్రోలర్ ఊపును కొంచెం కొంచెంగా పెంచుతూ, లెక్క తప్పినప్పుడల్లా ఆపుతూ, పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. అంతసేపూ గ్లాసు ముందు నన్ను నిలబెట్టారు. టక్ మన్నప్పుడల్లా నా కళ్ల ముందు నీళ్లు లేచి పడుతున్నాయి. వేడికి ముఖం మండుతోంది. నా వేళ్లు అడ్డంగా పెట్టి, ఏడుపు గొంతుతో, మూడు వేళ్లు సార్, ఐదు వేళ్లు సార్ అని అరుస్తూ ఉన్నాను. అక్కడ నిలబడి చూస్తే బాయిలర్ చాలా పెద్దది. ప్యానెల్ గది చాలా దూరం. ఆ గదిలో కూర్చున్న మనిషి చెప్పే ప్రతి మాటా నిజమే అయి ఉండాలి, లేకపోతే ఇక్కడ నిలబడినవాడికి దిక్కు లేదు. సార్ యజమానితో ఏం మాట్లాడారో తెలియదు కానీ, గ్లాసు ముందు మనిషిని తీసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఓదెలన్నకు మాత్రం నేను చెప్పలేదు. రేపు చెబుదాం, జీతాల రోజు చెబుదాం, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అని వాయిదా వేశాను. ఆయన గ్లాసు దగ్గరికి తిరిగి రాలేదు. సార్ పిలిస్తే, "వద్దు సార్, పొయ్యి చూస్తే గుండె దడదడ అంటది" అన్నాడు. కొన్నాళ్లు వడ్ల కుప్పల దగ్గర పనిచేశాడు. తర్వాత మస్కట్ వీసా వచ్చిందని అందరికీ చెప్పడానికి వచ్చాడు. నా దగ్గరికి కూడా వచ్చి, "పోయొస్త చెల్లె" అన్నాడు. నోరు తెరిచాను. "పైలం అన్నా" అని జాగ్రత్తలు మాత్రం చెప్పగలిగాను. ఆ సాయంత్రం సార్, "చెప్పినవా?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత మేము కలిసి పనిచేసిన అన్నేళ్లలో ఆ మాట మళ్లీ అడగలేదు.

అందరూ ఆయనను పిరికివాడన్నారు, నేనూ అన్నాను. పిరికిదాన్ని నేను. ఆయన భయమంతా ఎదుటి మనిషికి ఏమవుతుందోనని. నా భయమంతా నా పరువు ఏమవుతుందోనని. ఆయన దగ్గర నేను అంకెలు కుదుర్చడం నేర్చుకున్నాను, గీతలు చదవడం నేర్చుకున్నాను, కానీ ఆయన రకం భయం నాకు పట్టుబడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఎక్కడికి పోయినా మీట నొక్కే ముందు బాయిలర్ దగ్గరున్న ప్రతి ఒక్కరినీ పేరు అడుగుతాను. ఏం చేయబోతున్నానో చెబుతాను. ఎవరైనా వద్దంటే ఆ రోజుకు ఆపేస్తాను. మేనేజర్లు నన్ను చూసి విసుక్కుంటారు, విసుక్కోనీ.

పోయిన చలికాలంలో సార్ పోయారు. నిద్రలోనే, ఎవరికీ కష్టం ఇవ్వకుండా. దినాల నాడు వాళ్లింటికి పోతే, వాకిట్లో వేసిన టెంటు కింద ఓదెలన్న కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మస్కట్ నుంచి వచ్చి ఏడాదైందట. నన్ను గుర్తుపట్టి పక్కన చోటిచ్చాడు. సార్ ఫోటో వైపు చూస్తూ, "గసుంటి మనిషి దొరకడు చెల్లె. నా తప్పుకు గంత పెద్ద బాయిలర్ పోతుండె. ఊక ఎక్కువ కొట్టిన. ఒక్క మాట అనలే నన్ను" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయన ఆ తప్పును మోస్తున్నాడు. సార్ చివరిదాకా చెప్పలేదు, నా నోటి నుంచి రావాలని అలాగే ఉంచేశారు. ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. "అన్నా, తప్పు నీది కాదు. నాది" అన్నాను. మొత్తం చెప్పాను. మధ్యాహ్నం మీట నొక్కిన సంగతి, మేనేజర్ ముందు ఆడిన అబద్ధం, ఆ అబద్ధం వల్లే ఆయన్ను గ్లాసు దగ్గరి నుంచి తీసేసిన సంగతి. నేను ఆపాక కూడా ఆయన సార్ ఫోటో వైపే చూస్తూ కూర్చున్నాడు.

"మస్కట్ల హోటల్ల వంట పని ఇచ్చిండ్రు" అన్నాడు. "మంచి జీతమే. పొయ్యి ముందట నిలబడలేక ఇడిసిపెట్టిన. ఎండల రోడ్లు ఊడ్చిన."

అంతే అన్నాడు. వడ్డిస్తున్నారని ఎవరో పిలిస్తే లేచాడు. తిని, చేయి కడుక్కుని, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, నా ముందు నుంచే రోడ్డు వైపు నడిచాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన ఆగలేదు, పోయొస్త అనలేదు. చావు జరిగిన ఇంటి నుంచి పోయేటప్పుడు మా వైపు ఎవరూ ఆ మాట అనరు. ఆయన అందుకే అనలేదో, నాతో అనబుద్ధి కాక అనలేదో నాకు తెలియదు.